మాటలకూ వంశవృక్షం ఉంది

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డీఏ గురించి, వైద్య ఖర్చుల గురించి, బ్యాంకులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి వేరే సంగతి ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. ముప్పయ్యయిదేళ్లు నోట్ ఫైళ్లు, ముసాయిదాలు రాసిన గుమాస్తాను. మాటలతోనే బతికాను కాబట్టి, పదవీ విరమణ తర్వాత మాటల పుట్టుపూర్వోత్తరాల గురించి దొరికినవి చదువుకుంటూ వచ్చాను. అందులో నాకు బోధపడిన కొంత మీతో పంచుకుంటాను.

మనలో నలుగురు కలిస్తే తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. "ఈ కాలం పిల్లల తెలుగు చెడిపోయిందండీ" అని. మనవడు "తాతా, నాకు బోర్ కొడుతుంది" అంటే మనకు కష్టంగా ఉంటుంది. అయితే ఇక్కడ ప్రశ్న ఒకటి కాదు, మూడు ఉన్నాయి. భాష మారుతోందా? చెడిపోతోందా? చచ్చిపోతోందా? ఈ మూడింటినీ మనం కలగాపులగం చేసి ఒకే నిట్టూర్పుగా విడుస్తాం. వీటిని విడదీసి చూడటానికి జీవశాస్త్రం, ముఖ్యంగా పరిణామ సిద్ధాంతం, ఎంతో సాయపడుతుంది.

మన బొగ్గు కథ 1871లో మొదలైందని అందరికీ తెలుసు. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనిపెట్టింది ఆ ఏడే. సరిగ్గా అదే 1871లో ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ మానవ పుట్టుక గురించిన తన పుస్తకాన్ని అచ్చు వేశాడు. అందులో భాషల గురించి కొన్ని పేజీలు ఉన్నాయి. కొత్త జీవజాతులు ఏర్పడే తీరు, కొత్త భాషలు ఏర్పడే తీరు చిత్రంగా ఒకదానినొకటి పోలి ఉన్నాయని ఆయన రాశాడు. అంతరించిన జీవజాతి ఎలా తిరిగి రాదో, అంతరించిన భాష కూడా అలాగే తిరిగి రాదని కూడా అన్నాడు. ఈ రెండో మాటను గుర్తు పెట్టుకోండి. చివర్లో దాని దగ్గరికి వస్తాం.

మన కాళ్ల కింద ఉన్న రాతి పొరలను ప్రపంచమంతా గోండ్వానా పొరలు అంటుంది. మన చుట్టూ అడవుల్లో బతికే గోండుల నేల పేరే భూగర్భ శాస్త్రానికి ఎక్కింది. ఆ పొరల్లో, బొగ్గుతో పాటు, ఒక ఆకు అచ్చు దొరుకుతుంది. దాదాపు పాతిక, ముప్పై కోట్ల ఏళ్ల కిందటి చెట్టు ఆకు. దాని పేరు గ్లోసోప్టెరిస్. గ్రీకు భాషలో గ్లోసా అంటే నాలుక. ఆకు నాలుక ఆకారంలో ఉంది కాబట్టి ఆ పేరు పెట్టారు. నాలుక అన్నా భాష అన్నా గ్రీకులకు ఒకటే మాట. కాబట్టి మన బాయిల్లో దొరికే శిలాజం పేరులోనే ఈనాటి ప్రసంగ విషయం ఉన్నది.

ఇక అసలు సంగతికి వస్తాను.

పరిణామ సిద్ధాంతం చెప్పే మొదటి విషయం ఉమ్మడి పూర్వీకులు. కోతి నుంచి మనిషి పుట్టాడని డార్విన్ అన్నట్టు మనం చెప్పుకుంటాం. ఆయన చెప్పింది అది కాదు. కోతికీ మనిషికీ చాలా వెనకటి తరంలో ఒకే పూర్వీకుడున్నాడని చెప్పాడు. తెలుగు తమిళం నుంచి పుట్టిందని కొందరు, సంస్కృతం నుంచి పుట్టిందని కొందరు అంటారు. తెలుగు మొదలైన దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని మద్రాసులో ఉద్యోగం చేసిన ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ 1816లోనే చూపించాడు. ఆ తర్వాత కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాశాడు. డార్విన్ జీవజాతుల పుట్టుక గ్రంథం వచ్చింది 1859లో. అంటే వంశవృక్షం గీసే ఆలోచన భాషల వాళ్లకు కాస్త ముందే తట్టింది. తమిళం మనకు తల్లి కాదు. ఒకే అవ్వ సంతానంలో వేరే కొమ్మకు చెందిన చుట్టం.

మరి మనకు దగ్గరి చుట్టం ఎవరు? ఇది మనలో చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు చేసిన వర్గీకరణ ప్రకారం తెలుగు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందుతుంది. అందులో మనతో పాటు ఉన్నవి గోండీ, కోండ, కువి, కుయి వంటి భాషలు. అంటే తమిళం, కన్నడాలకంటే ఆదిలాబాద్ అడవుల్లోని గోండీ మనకు దగ్గర. మంచిర్యాల సంతలో మన పక్కన నిలబడి బేరమాడిన గోండు మనిషి భాష మన భాషకు పెదనాన్న బిడ్డ వంటిది.

సాక్ష్యం కావాలంటే అంకెలు చూడండి. మనం రెండు అంటాం, గోండీలో రండ్. మనం మూడు అంటాం, గోండీలో మూండ్. మనం నాలుగు అంటాం, గోండీలో నాలుంగ్. ఇక్కడ ఒక ముచ్చట ఉంది. పాత బడిలో చదివిన వారికి అరసున్న గుర్తుంటుంది. మూఁడు, నాలుఁగు అని రాసేవాళ్లం. పలకని ఆ అరసున్నను ఎందుకు పెట్టాలో తెలియక బెత్తం దెబ్బలు తిన్నవాళ్లు ఈ సభలో ఉంటారు. గోండీ వింటే దాని మర్మం తెలుస్తుంది. అక్కడ ఒకప్పుడు నిండు అనునాసికం ఉండేది. మన నోట్లో అది సన్నగిల్లి చివరికి మాయమైంది, రాతలో గుర్తు మాత్రం మిగిలింది. గోండీ దాన్ని ఇంకా పలుకుతూనే ఉంది. మన వెన్నెముక చివర తోక ఎముక ఉంటుంది. దానితో మనకు ఇప్పుడు తోక ఆడించే పని లేదు. కాని ఒకప్పుడు తోక ఉండేదని అది సాక్ష్యం చెబుతుంది. అరసున్న తెలుగుకు తోక ఎముక వంటిది.

రెండో విషయం, మార్పుకు ఒక క్రమం ఉంటుంది. అది తోచినట్టు జరగదు. కన్నడిగులు కివి అంటారు, మనం చెవి అంటాం. వాళ్లు కెరె అంటారు, మనం చెరువు అంటాం. వాళ్లు నిప్పును కిచ్చు అంటారు, మనం చిచ్చు అంటాం. మన జిల్లాలకు ఆనుకొని ఉన్న కొలాముల భాషలో చెవిని కెవ్ అని, నిప్పును కిస్ అని అంటారు. అంటే ఇ, ఎ అచ్చులకు ముందు ఉన్న క అనే ధ్వని తెలుగులో చాలా మాటల్లో చ అయింది. కొలామి, కన్నడం దాన్ని పాతగానే ఉంచుకున్నాయి.

మరి "కింద" అనే మాటలో క ఎందుకు చ కాలేదు? ఎందుకంటే అది ఒకప్పుడు క్రింద. కకారానికీ ఇకారానికీ నడుమ రేఫ అడ్డంగా నిలబడింది. అందుకని ఆ మార్పు దాన్ని తాకలేదు. తర్వాత ఎప్పుడో ఆ రేఫ రాలిపోయి కింద అయింది. ఏ మార్పు ముందు, ఏది వెనక అనేది ఈ ఒక్క మాట చెబుతున్నది. గనిలో పని చేసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఏ సీమ్ మీద ఏ సీమ్ ఉందో చూసి ఏది ముందు పడిందో చెప్పినట్టే, భాషలోనూ పొరలు చూసి మార్పుల వరస చెప్పవచ్చు.

మూడో విషయం, మార్పు ఒక్కరోజులో రాదు. జీవజాతిలో ఒక కొత్త లక్షణం మొదట కొన్నింటిలో కనిపించి, తరతరాలుగా వ్యాపిస్తుంది. భాషలోనూ ఒక మార్పు ఒక మాటలో మొదలై, మరో మాటకు పాకి, వందల ఏళ్లు సాగుతుంది. తమిళులు చెట్టును మరం అంటారు. గోండీలో మర. తెలుగులో అచ్చు, హల్లు స్థానాలు మారి మ్రాను అయింది. తర్వాత రేఫ పోయి మాను అయింది. ఇలాంటి మార్పు దక్షిణ మధ్య ద్రావిడ భాషల్లో మాట మాటకూ ఎలా వ్యాపించిందో కృష్ణమూర్తిగారు 1978లో అమెరికాలోని ప్రసిద్ధ భాషాశాస్త్ర పత్రిక లాంగ్వేజ్‌లో రాసి చూపించారు. ప్రపంచ విద్వాంసులు మెచ్చిన పని అది. ఒంగోలులో పుట్టి, ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన ఆయన 2012లో కాలధర్మం చెందారు.

ఆయనే గోండీ మాండలికాల మీద మరో సంగతి చూపారు. ఉప్పును గోండులు కొన్ని ప్రాంతాల్లో సొవర్ అంటారు. కొన్ని ప్రాంతాల్లో హొవర్ అంటారు. ఇంకొన్ని చోట్ల ఆ హకారం కూడా పోయి ఒవర్ అంటారు. మూడు మెట్లూ మూడు ప్రాంతాల్లో ఒకేసారి బతికి ఉన్నాయి. మన ఉప్పు, ఆరు అనే మాటలకు కూడా మూలంలో ముందు ఒక హల్లు ఉండేదని పండితులు చెబుతారు. గోండీలో ఆరును సారుంగ్ అనడం అందుకు గుర్తు. మనం ఎప్పుడో దిగిన మెట్లను గోండీ మాండలికాలు మన కళ్లముందు దిగుతున్నాయి.

ఈమధ్య జీవుల డీఎన్ఏ వంశవృక్షాలు గీయడానికి వాడే గణిత పద్ధతులనే భాషలకు కూడా ఉపయోగిస్తున్నారు. 2018లో కొందరు పరిశోధకులు ఇరవై ద్రావిడ భాషల మాటలను సేకరించి అలా లెక్క కట్టారు. ఈ కుటుంబం వయసు దాదాపు 4,500 ఏళ్లు అని తేలింది. ఇది అంచనా మాత్రమే. అయినా పాతకాలపు పండితులు చెవితో విని చెప్పినదాన్నీ, కంప్యూటర్ లెక్కనూ పక్కపక్కన పెట్టి చూడగలిగే కాలం వచ్చింది.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు ఒక జవాబు దొరుకుతుంది. క్రొత్త అనవలసినచోట కొత్త అన్నవాణ్ణి ఒకప్పటి పండితుడు తప్పకుండా కోప్పడి ఉంటాడు. ప్రొద్దును పొద్దు అన్నందుకు, బ్రతుకును బతుకు అన్నందుకు ఎంతమంది పిల్లలు చీవాట్లు తిన్నారో. ఇవాళ పత్రికల్లో, పుస్తకాల్లో, మన సంఘం కరపత్రాల్లో కొత్త, పొద్దు, బతుకు అనే రాస్తున్నాం. ఎవరికీ తప్పుగా తోచదు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడి చెప్పింది ఇదే. జనం నోట బతికేదే భాష. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటూనే, మనవడి మాటలో మార్పు వినగానే భాష చెడిపోయిందనడం మనకు తగదు. అది మార్పు. మార్పు లేకపోతే మన తెలుగే లేదు.

నాలుగో విషయం నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఒకే జాతి జీవులు నది వల్లనో కొండ వల్లనో రెండు గుంపులుగా విడిపోతే, ఎవరి దారిన వారు మారుతూ పోతారు. అందులో ఒకటి అసలు, రెండోది నకలు అని లేదు. తెలుగువాళ్లు కూడా అలాగే నైజాం ఏలుబడిలో కొందరు, కుంఫిణీ ఏలుబడిలో కొందరు చాలాకాలం విడిగా ఉన్నారు. గ్రాంథికంలో వచ్చినాఁడు అనే రూపం ఉంది. కోస్తాలో అది వచ్చాడు అయింది. మన దిక్కున వచ్చిండు అయింది. ఒకరు నకారాన్ని జారవిడిచారు, ఒకరు దాన్ని సున్నగా నిలుపుకొన్నారు. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. ఇందులో ఏది శుద్ధం, ఏది అపభ్రంశం? శాస్త్రం ముందు ఆ ప్రశ్నే నిలవదు. వానపాముకంటే గుర్రం గొప్పదని పరిణామ సిద్ధాంతం అనదు. ఎవరి నేలలో వారు బతకడానికి తగినట్టు ఉన్నారా అని మాత్రమే చూస్తుంది.

అయినా మన ప్రాంతపు మాట ఎన్ని ఏళ్లు నవ్వులపాలైందో మీకు నేను చెప్పనక్కరలేదు. సినిమాల్లో చాలాకాలం మన మాట హాస్యగాడికో రౌడీకో పెట్టేవారు. మా ఇంటి పక్క కార్మికుడి కూతురు ఒకామె చదువులో చురుకైనది. ఒక బడిలో నిలబడి జవాబు చెబుతూ "నేను పోయిన, చూసిన" అన్నదట. క్లాసంతా నవ్వింది, పాఠం చెప్పేవారు కూడా నవ్వారు. ఆ తర్వాత ఆ పిల్ల బడిలో నోరు విప్పడమే మానేసింది. జవాబులు తెలిసీ చెప్పేది కాదు. ఇది భాషకు జరిగిన నష్టం కాదు, మనిషికి జరిగిన నష్టం. మన కరీంనగర్ దగ్గరి కురిక్యాల గుట్ట మీద జినవల్లభుడు దాదాపు 945 ప్రాంతంలో వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. నన్నయగారికంటే దాదాపు వందేళ్ల ముందు సంగతి. తెలుగు పద్యం రాతికెక్కిన నేలమీద పుట్టిన పిల్ల తన మాటకు సిగ్గుపడవలసి వచ్చింది. 2014 తర్వాత ఈ పరిస్థితి కొంత మారింది. సినిమాల్లో కథానాయకుడే ఇప్పుడు మన మాట మాట్లాడుతున్నాడు. సంతోషమే. అయితే ఆ నవ్వును మనం శ్రీకాకుళం వాళ్ల మీదికో, మన వీధిలోని ఒడిశా, బీహారు కార్మికుల తెలుగు మీదికో మళ్లించకుండా ఉండాలి.

ఐదో విషయం ఎంపిక. ప్రకృతిలో ఎన్నో రూపాలు పుడతాయి, పరిసరాలకు తగినవి నిలుస్తాయి. మాటలూ అంతే. నాకు ఇది కచేరీ ఉద్యోగంలోనే కనిపించింది. నైజాం కాలంలో, 1948 దాకా, రాజభాష ఉర్దూ. దస్త్రం, దరఖాస్తు, మంజూరు, జప్తు, రసీదు, పహాణీ, పట్వారీ, అన్నీ అలా వచ్చినవే. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక తెలుగు మాటలు తయారు చేశారు. కొన్ని నిలిచాయి, కొన్ని బోర్డుల మీదనే ఉండిపోయాయి. బస్టాండు మీద ప్రయాణ ప్రాంగణం అని పెద్ద అక్షరాలతో రాశారు. ఏ ఒక్కరైనా రిక్షా అతనితో "ప్రయాణ ప్రాంగణానికి పోనియ్యి" అనగా మీరు విన్నారా? రైతు తనకు నచ్చిన ఆవును ఎంచి పెంచినట్టు ప్రభుత్వం మాటలను పెంచడానికి ప్రయత్నించింది. పోషణ ఉన్నంతకాలం అవి ఉంటాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మండలం అనే మాట జనం నోట బాగా నాటుకుంది. తహసీల్దారు మాత్రం ఎమ్మార్వోగా కొన్నేళ్లు ఉండి, మళ్లీ తహసీల్దారు అయ్యారు. పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినా, పల్లెల్లో ముసలివాళ్ల నోట పట్వారీ పోలేదు.

రెండు జీవజాతులు ఒకే తిండి కోసం ఒకేచోట పోటీ పడితే, ఒకటి ఓడిపోతుంది, లేదా వేరే తిండి వెతుక్కుంటుంది. కచేరీ అనే మాటను చూడండి. ఆఫీసు వచ్చి దాని చోటు ఆక్రమించింది, కార్యాలయం బోర్డు మీద కూర్చుంది. కచేరీ ఏం చేసింది? పాట కచేరీగా బతికిపోయింది. నా వంటి పాత గుమాస్తాలు తప్ప ఇప్పుడు కచేరీకి పోతున్నానంటే సంగీతం వినడానికి అనుకుంటారు. మనందరినీ పోషిస్తున్న పింఛను కూడా ఇంగ్లీషు మాటే. తెలుగు నీళ్లు తాగి, ఉకారాంతమై, మన ఇంటి మనిషి అయిపోయింది. పింఛను తెలుగు మాట కాదని ఎవరైనా అంటే, ఒకటో తారీఖున వారి సంగతి చూద్దాం.

ఆరో విషయం, పాత అవయవానికి కొత్త పని. పక్షులకు ఈకలు మొదట ఎగరడానికి రాలేదని, వెచ్చదనం వంటి వేరే అవసరాలకు ఏర్పడి తర్వాత ఎగరడానికి పనికొచ్చాయని శాస్త్రజ్ఞులు అంటారు. మన గోదావరిఖనిలో దీనికి బంగారం వంటి ఉదాహరణ ఉంది. బాయి. వ్యవసాయానికి నీళ్లు తోడే బావిని మన పల్లెల్లో బాయి అంటారు. ఆ పల్లెల నుంచి మనుషులు వచ్చి భూమిలోకి దిగి బొగ్గు తవ్వారు. కొత్త మాట కోసం ఎవరినీ అడగలేదు. భూమిలోకి లోతుగా దిగేది కాబట్టి దాన్నీ బాయి అన్నారు. "మా నాయిన బాయికి పోయిండు" అంటే ఈ ఊళ్లో నీళ్లు తేవడానికి అని ఎవరూ అనుకోరు. ఒక మాటలో ఒక జిల్లా రైతులు కార్మికులైన చరిత్రంతా ఉంది. అలాగే ఇంక్లైన్ అంటే ఏటవాలుగా గనిలోకి దిగే దారి. మన దగ్గర అది ఇంటి చిరునామా అయింది. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో పుట్టిన పిల్లకు అది తన ఊరి పేరు.

పరిసరాలు మారితే మాట చచ్చిపోవడం కూడా ఇక్కడే చూశాం. తట్టా చెమ్మస్ అని కార్మికులు అనేవారు. చేత్తో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపిన రోజుల మాట. కోల్ ఫిల్లర్ల వీపు మీద పుట్టిన మాట. యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఆ పని పోయింది, పనితో పాటు మాటా పోతున్నది. ఆ కష్టం పోయినందుకు సంతోషించాలి. మాట పోతే మాత్రం ఆ కష్టం ఉండేదని చెప్పే సాక్షి పోయినట్టే.

ఈ పోలిక అంతటా సరిపోదని కూడా చెప్పాలి. లేకపోతే నేను మిమ్మల్ని మోసం చేసినవాణ్ణి అవుతాను. గేదె పక్కింటి గుర్రం నుంచి కాళ్లు అరువు తెచ్చుకోలేదు. భాష మాత్రం పక్కభాష నుంచి మాటలు తెచ్చుకుంటుంది. సూక్ష్మజీవుల్లో మాత్రమే అలాంటి ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువగా కనిపిస్తుంది. జీవలక్షణాలు తల్లిదండ్రుల నుంచే వస్తాయి. భాష తల్లిదండ్రుల నుంచి, బడి నుంచి, బజారు నుంచి, టీవీ నుంచి, సెల్‌ఫోన్ నుంచి వస్తుంది. వీటన్నిటికంటే పెద్ద తేడా ఒకటుంది. పులికి తన జాతి అంతరిస్తున్నదని తెలియదు. మనిషికి తన భాష సంగతి తెలుస్తుంది. తెలిసి ఏదైనా చేయగలడు.

అందుకే చివరి ప్రశ్నకు వస్తున్నాను. భాష చచ్చిపోతోందా? తెలుగు గురించి నాకు ఆ భయం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షల మంది. కాని మన చుట్టాల సంగతి చూడండి. అదే లెక్కల్లో గోండీ దాదాపు 30 లక్షలు. కొలామి 1 లక్షా 28 వేలు. ఆ కొద్దిమందీ మహారాష్ట్ర, తెలంగాణ నడుమ చెదిరి ఉన్నారు.

1980 దశకంలో నేను పనిచేసిన ఒక కచేరీకి తిర్యాణి వైపు నుంచి ఒక కొలాం పెద్దమనిషి భూమి అర్జీ తెచ్చాడు. తన చేను ఏ వాగు పక్కన, ఏ గుట్ట కింద ఉందో తన భాషలో వాటి పేర్లతో చెప్పాడు. వెంట వచ్చిన కుర్రవాడు వాటిని తెలుగులోకి మార్చి "పెద్ద వాగు, నల్ల గుట్ట" అన్నాడు. కాగితం మీద అదే ఎక్కింది. ఆ చుట్టుపక్కల పెద్దవాగులు నాలుగున్నాయి. ఆయన చెప్పిన పేరు ఒక్కటే. అర్జీ ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో లెక్క లేదు. ఒక భాష చిన్నబోతే మనిషి చేను కూడా ఎక్కడుందో చెప్పుకోలేకపోతాడని నాకు అప్పుడు తెలిసింది.

ప్రయత్నాలు జరగలేదని కాదు. హైమెండార్ఫ్ 1940 దశకంలో మార్లవాయిలో గోండీ వాచకాలతో పిల్లలకు చదువు చెప్పించాడు. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపి రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆ గుంజాల గోండీ లిపికి 2018లో అంతర్జాతీయ యూనికోడ్ ప్రమాణంలో స్థానం దొరికింది. అంటే ఆ అక్షరాలను ఇప్పుడు కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ రాయడానికి దారి ఏర్పడింది. కాని అమ్మ ఒడిలో బిడ్డ ఆ మాట వినకపోతే లిపి ఒక్కటే ఏం చేస్తుంది? మన మూఁడులోని అరసున్నను ఇంకా పలుకుతున్న నోళ్లు మూగబోతే, మన భాష పుట్టుకను చెప్పే సాక్షులు పోయినట్టే. బొగ్గులో ఆకు అచ్చు మిగిలింది, చెట్టు మిగలలేదు.

కాబట్టి పెద్దలారా, మూడు మనవులు చేసి ముగిస్తాను.

ఒకటి. మనవలు మాట్లాడే తెలుగును తిట్టకండి. తిట్టినచోట పిల్లలు తెలుగు మానేసి ఇంగ్లీషులోకి పారిపోతారు. వాళ్ల మాటలో ఇంగ్లీషు ఎన్ని పాళ్లున్నా, తెలుగు క్రియాపదం మీద వాక్యం ఆగుతున్నంతకాలం అది తెలుగే. "బోర్ కొడుతుంది" అన్న మనవడు ఇంగ్లీషు మాటను తెచ్చి తెలుగు కాడికి కట్టాడు. మన తాతలు దరఖాస్తును "పెట్టినట్టే" వాడు బోర్‌ను "కొట్టాడు". భయపడవలసింది ఆ వాక్యం వాడి నోట రాని రోజున.

రెండు. మన వృత్తుల మాటలు రాసిపెట్టండి. కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం, 1971లో చేనేత పదకోశం సాహిత్య అకాడమీ తరఫున వెలువరించారు. ఊరూరా తిరిగి రైతులను, నేతగాళ్లను అడిగి రాయించినవి అవి. మనలో బాయి దిగినవారున్నారు, హాలేజి నడిపినవారున్నారు, మస్టరు రాసినవారున్నారు, ఆసుపత్రిలో, బడిలో, ఖజానాలో పనిచేసినవారున్నారు. ఒక్కొక్కరు ఒక నోటు పుస్తకం కొని, తమ పనిలో వాడిన మాటలు, వాటి అర్థాలు రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. చేయి వణికేవారి దగ్గర పిల్లలు కూర్చుని రాయండి. సంఘం ఒప్పుకుంటే వాటిని చక్కగా ప్రతి తీసే పని నేను చేస్తాను. గుమాస్తాకు అంతకంటే ఇష్టమైన పని ఏముంటుంది?

మూడు. మీ వీధిలో, మీ పరిచయంలో గోండు, కొలాం కుటుంబాలుంటే, వాళ్ల పిల్లలతో "మీ భాషలో దీన్ని ఏమంటారు?" అని అడగండి. వాళ్ల మాటకు ఒక పెద్దమనిషి చెవి ఒగ్గాడని ఆ పిల్లలకు తెలియాలి. అంకెలతో మొదలుపెట్టండి. మూండ్, నాలుంగ్ వినగానే అది పరాయి భాష కాదని మీకే తెలుస్తుంది.

 భోజనాలకు ఆలస్యమవుతున్నదని వంటవారు రెండుసార్లు తొంగి చూశారు.